137 జీబీల దగ్గర ఆగిన లెక్క

2004లో మా ఇంట్లోని పాత పెంటియం 3 కంప్యూటర్‌కి 160 జీబీల హార్డ్ డిస్క్ తగిలించాను. తెర మీద కనబడింది మాత్రం 137. డిస్కే పాడైందనుకున్నా.

నిజానికి ఇది అంతకన్నా పాత కథ. 1980ల ఐబీఎం పీసీల్లో బయాస్ అనే ప్రోగ్రాం డిస్కులో చోటుని సిలిండర్, హెడ్, సెక్టర్ అని మూడు అంకెలతో గుర్తుపట్టేది. సిలిండర్లు 1024 దాకా, సెక్టర్లు 63 దాకా. డిస్కుల వైపు నుంచి వచ్చిన ఏటీఏ పద్ధతేమో 16 హెడ్లకు మించి ఒప్పుకోదు. ఎవరి లెక్క వాళ్ళకి విశాలమే. రెండూ కలిస్తే, సెక్టర్‌కి 512 బైట్ల చొప్పున, మిగిలేది 528 మెగాబైట్లే. 90ల నడుమ డిస్కులు అక్కడే ఇరుక్కున్నాయి.

తర్వాత సెక్టర్లన్నిటికీ వరస నంబర్లిచ్చే పద్ధతి వాడుకలోకొచ్చింది. ఆ నంబరుకి కేటాయించింది 28 బిట్లు. నా 137 జీబీలు అవే. 2002 నాటి ఏటీఏ-6 వాటిని 48 చేసింది. మా మెషీన్ అంతకు ముందుది.

ఇదేమీ తెలీక, డిస్కుని స్నేహితుడి కొత్త కంప్యూటర్లో ఫార్మాట్ చేయించి తెచ్చాను. ఈసారి మొత్తం కనబడింది! కొన్ని నెలలు బాగానే నడిచింది. 137 దాటిన రోజు, స్కూటర్ మీటరు 99999 తర్వాత సున్నాకి తిరిగినట్టు, కొత్త రాత డిస్కు మొదట్లో పడింది. అక్కడున్నవి నాన్న టైపు చేసుకున్న కథలు.

28 బిట్లు చాలనుకున్నవాళ్ళని ఏమంటాం? రెండో కాపీ ఎందుకులే అనుకున్నది నేను కదా.