విక్కామతము – చేతబడి: కొన్ని సందేహములు

గోదావరియు ప్రాణహితయు కలియుచోట వెలసిన కాళేశ్వరము త్రిలింగ క్షేత్రములలో నొకటిగా ఆంధ్రులకెల్ల సుపరిచితము. ఈ క్షేత్రము మహదేవపూరు మండలములోనిది. 2016 వరకు కరీంనగరు జిల్లాలో నుండిన యీ మండలము అటుపిమ్మట జయశంకర భూపాలపల్లి జిల్లాకు చేరినది. ఈవలి యొడ్డు తెలంగాణము. ఆవలి యొడ్డున మహారాష్ట్రములోని సిరొంచ. కొంత దిగువకుబోయి ఇంద్రావతి గోదావరిలో కలియుచోట ఛత్తీసుగఢము మొదలగును. ఈ మూడు రాష్ట్రములకును భాష వేరు, శాసనసభ వేరు. అయినను ఒక భయము మాత్రము మూటికిని సమానమై యున్నది. దానిని మనవారు బాణామతి యనియు చేతబడి యనియు, మరాఠీ వారు కరణి యనియు భానామతి యనియు వాడుచున్నారు. అట్టి విద్య గలదని నిందింపబడిన స్త్రీని ఛత్తీసుగఢమువారు టోన్హీ యందురు.

ఈ పాతభయమునకు నేటికాలమున నొక క్రొత్త కలత తోడైనది. పశ్చిమదేశములలో 'విక్కా' యను మత మొకటి బయలుదేరినది. దాని ననుసరించువారు తమ్ము తామే మంత్రగత్తెల మనియు మంత్రగాండ్ర మనియు చెప్పుకొనుచున్నారు. ఆంగ్లపుస్తకములను తెనిగించువారు ఆ మతమునకు చేతబడి యని పేరు పెట్టుచున్నారు. ఇందువలన రెండువిధముల ప్రమాదము కలుగుచున్నది. నిరపరాధమైన యొక మతమునకు క్షుద్రవిద్య యను నింద వచ్చుట యొకటి. 'చూడుడు, దొరల దేశమునగూడ మంత్రగత్తెలున్నారట! మన ఊరిలో నుండుట యబద్ధ మెట్లగును?' అని పల్లెలలో పాతనమ్మకమునకు క్రొత్తసాక్ష్యము దొరకుట మఱియొకటి. రెండవది ప్రాణములతో కూడిన విషయము. కావున ఈ శబ్దముల యర్థములను విడదీసి చూచుట అవసరము.

మొదటి సందేహము: విక్కా ప్రాచీనమతమా? ఆ మతస్థులలో పలువురు పూర్వము అట్లే నమ్మిరి. 1921లో మార్గరెట్ మర్రే అను ఆంగ్లపండితురాలు ఒక గ్రంథము వెలువరించి, క్రైస్తవమునకు ముందున్న యొక సస్యదేవతామతము యూరపులో రహస్యముగా నిలిచియుండె ననియు, మంత్రగత్తెలని శిక్షింపబడినవారు ఆ మతస్థులే యనియు వాదించినది. ఆమె ఈజిప్టు పురావస్తువులలో నిపుణురాలు. ఈ విషయమున మాత్రము, హింసపెట్టి రాబట్టిన వాఙ్మూలములను యథార్థములుగా గ్రహించి పొరబడినది. తరువాతి చరిత్రకారులు, ముఖ్యముగా 1975లో నార్మన్ కోన్, ఆమె వాదమున కాధారము లేదని నిరూపించిరి. విక్కామతమును లోకమునకు వెల్లడించినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్ (1884–1964). ఇతడు సింహళమునను, బోర్నియోలోను, మలయాలోను తోటలలోను సుంకపు శాఖలోను పనిచేసి 1936లో విశ్రాంతి గైకొని ఇంగ్లండు చేరినవాడు. 1939లో న్యూ ఫారెస్టు ప్రాంతమున నొక మంత్రవాదుల గోష్ఠిలో దీక్షపొందితి నని చెప్పుకొనెను. ఇతని ముఖ్యగ్రంథము 1954లో వెలువడినది. ఇతని శిష్యురాలు డొరీన్ వాలియంటే ఆ మతపు పాఠములను పెక్కింటిని సంస్కరించి వ్రాసినది. 1999లో రొనాల్డ్ హట్టన్ ఈ చరిత్ర నంతయు శోధించి, విక్కా ఇరువదవ శతాబ్దమున నింగ్లండులో రూపొందిన నూతనమత మని స్థాపించెను. నేడు విక్కామతస్థులలో విద్యావంతులు పెక్కురు దీని నంగీకరింతురు. మతము క్రొత్తదైనంత మాత్రమున కల్ల కానక్కఱలేదు; ప్రాచీనమైనంత మాత్రమున నిజమును కానక్కఱలేదు.

రెండవ సందేహము: వీరు సైతానును కొలుతురా? కొలువరు. సైతాను క్రైస్తవుల విశ్వాసములోనివాడు. ఆ విశ్వాసమే లేనివారికి సైతానుతో పనిలేదు. విక్కామతస్థులు సాధారణముగా చంద్రరూపిణియగు నొక దేవిని, కొమ్ములుగల వనదేవునొకని పూజింతురు. ఋతువుల ననుసరించి సంవత్సరమునకు ఎనిమిది పండుగలు చేసికొందురు. ఇతరులకు హాని చేయకుండిన చాలు, నీ యిచ్చవచ్చినట్లు నడువుము అనునది వారి నీతికి సారము. అయిదుకోణముల నక్షత్రము వారికి పవిత్రచిహ్నము. అమెరికాలో 1986లో ఒక అప్పీలు న్యాయస్థానము విక్కాను మతముగా గుర్తించినది. 2007లో యుద్ధవీరుల సమాధిఫలకములపై ఆ నక్షత్రమును చెక్కుటకు ఆ ప్రభుత్వ మంగీకరించినది.

మూడవ సందేహము: యూరపులో కాల్చి చంపబడిన తొంబదిలక్షల స్త్రీలు ఈ మతమువారేనా? ఈ ప్రశ్నలోని సంఖ్యయు తప్పు, సంబంధమును తప్పు. తొంబదిలక్ష లనునది పదునెనిమిదవ శతాబ్దమున నొక జర్మను పండితుడు కొలదిపాటి లెక్కలనుండి పెంచి చెప్పిన యూహ. నేటి చరిత్రకారుల యంచనా నలువదివేలనుండి అరువదివేలవరకు. ఇది తక్కువ సంఖ్య కాదు. మొత్తముమీద నిందితులలో స్త్రీలే హెచ్చు. అయినను ఐస్‌లాండు వంటి కొన్నిచోట్ల పురుషులే హెచ్చుగా శిక్షింపబడిరి. ఇంగ్లండులోను దాని అమెరికా వలసలలోను కాల్చుటగాక ఉరితీయుట యాచారము. 1692లో సేలము గ్రామపు వ్యవహారమున పందొమ్మండుగురను ఉరితీసిరి, ఒకని రాళ్లబరువుతో నణచి చంపిరి. వీరిలో తాము మంత్రగత్తెలమని గర్వముతో చెప్పుకొన్నవా రెవరును లేరు. వారు క్రైస్తవులు, పొరుగువారు నిందించిరి, అధికారులు విచారించిరి, భయమును హింసయు వారిచేత నేదో యొకటి చెప్పించినవి. 1486 ప్రాంతమున జర్మనుదేశమున నచ్చుపడిన యొక లాటిను గ్రంథము మంత్రగత్తెలను పట్టుటకును విచారించుటకును పద్ధతులను బోధించినది. అచ్చుయంత్రము జ్ఞానమునేగాక భయమునుగూడ వ్యాపింపజేయగలదనుట కది నిదర్శనము.

ఇంగ్లండులో 1735 శాసనము ఈ దృష్టిని తలక్రిందు చేసినది. మంత్రవిద్య గలుగుట నేరముగాక, అది తనకు గలదని నటించి జనులను మోసగించుట నేరమైనది. ఆ శాసనము క్రిందనే 1944లో హెలెన్ డంకన్ అను ప్రేతావాహకురాలు శిక్షపొందినది. 1951లో ఆ శాసనము రద్దయిన పిమ్మటనే గార్డ్‌నర్ తన మతమును బహిరంగముగా ప్రకటింపగలిగెను.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. నాలుగవ సందేహము: విక్కాయు మన చేతబడియు నొక్కటియేనా? ఈ వ్యాసమునకు ప్రాణమైన ప్రశ్న యిదియే. మన పల్లెలలో బిడ్డ చిక్కిపోయినను, ఎద్దు చచ్చినను, 'ఎవరో చేసినారు' అందురు. ఏమి చేసినారో ఆ వాక్యమున లేదు. ఎవరు చేసినారో కూడ మొదట లేదు. సోదె చెప్పువారో భూతవైద్యుడో ఒక దిక్కు చూపును. ఆ దిక్కున పాతపగయో పొలముగట్టు తగవో గలిగిన యింటివారు కనబడుదురు. 'ఎవరో' యను సర్వనామము ఇట్లొక మనుష్యుని పేరుగా మారును. విక్కామతస్థుడు 'నేను' అనును. చేతబడి వ్యవహారమున 'నీవు' అందురు. మొదటిది తాను స్వీకరించిన మతము. రెండవది పరులు మోపిన నింద. ఒకదానికి దీక్ష కలదు, పండుగ కలదు, వదలిపోవు స్వేచ్ఛయు కలదు. రెండవదానికి దీక్షలేదు, గురువు లేడు, కాదని చెప్పినను విడుదల లేదు. నిందితుడు మంత్రము నుచ్చరింపలేకుండ పండ్లూడగొట్టుట మన ప్రాంతములలో తెలిసిన దురాచారమే. ఉచ్చారణ చెడిన మంత్రము పాఱదని దాని తర్కము. ఎన్నడును మంత్ర మెరుగని నోటికిగూడ అదే శిక్ష.

అయిదవ సందేహము: అభిచారము మన శాస్త్రములలో నున్నది గదా, చేతబడి దానినుండి వచ్చినదేగదా? అథర్వవేదమున ఆభిచారిక సూక్తములున్న మాట నిజము. తంత్రగ్రంథములు శాంతి, వశ్యము, స్తంభనము, విద్వేషణము, ఉచ్చాటనము, మారణము అని షట్కర్మములను చెప్పినవి. మనువు తొమ్మిదవ యధ్యాయమున అభిచారములకు ఇన్నూరు పణముల దండమును విధించినాడు. చావు సంభవింపని సందర్భమున నని వ్యాఖ్యాతలు వివరించిరి. ఎట్లైనను అది రాజు విచారించి విధించు దండమేగాని, ఊరివారు గుమిగూడి యిచ్చు శిక్ష కాదు.

ఈ శాస్త్రగతమైన అభిచారమునకు కర్తలెవరో చూడుడు. మన జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామము పోతన జన్మస్థానమని ప్రసిద్ధి. ఆంధ్ర మహాభాగవతమున రెండుకథలు ఈ విషయమునకు సంబంధించినవి. నవమస్కంధమున దుర్వాసుడు కోపించి తన జడనుండి కృత్యను పుట్టించి అంబరీషునిపై పంపెను. విష్ణుచక్ర మా కృత్యను కాల్చి దుర్వాసునే వెంటాడినది. దశమస్కంధమున కాశీరాజ పుత్రుడు సుదక్షిణుడు అభిచారహోమము చేయించి ద్వారకపై కృత్యను పంపగా, అది మరలివచ్చి అతనిని ఋత్విజులతోగూడ దహించినది. ఇందు ప్రయోగకర్త ఒకచోట మహర్షి, ఒకచోట రాజు. కావలసినది ధనము, హోమద్రవ్యము, మంత్రవేత్తలగు ఋత్విజులు. అక్షరము రాని యొక ముసలి వితంతువునకో, ఊరిచివర గుడిసెలోని యొక కూలివానికో ఈ సాధనము లెక్కడివి? అంతియేగాక, రెండుకథలలోను కీడు తలపెట్టినవానికే కీడు మరలినది. పల్లెలలో మాత్రము కీడు తలపెట్టిన జనసమూహము నిశ్చింతగానుండ, ఏ పాపము నెరుగనివారు దహింపబడుచున్నారు. శాస్త్రము పేరు చెప్పి చేయు ఈ హింసకు శాస్త్రమునం దాధారము లేదు.

ఆరవ సందేహము: గ్రామదేవతలను కొలుచుటయు మంత్రవిద్యయేనా? పాశ్చాత్యులలో కొందరు అట్లు వ్రాసిరి. మనలో చదువుకొన్నవారును ఒక్కొక్కయెడ నట్లే తలతురు. ములుగు జిల్లాలోని మేడారమున రెండేండ్ల కొకసారి మాఘపూర్ణిమకు సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. కోయలే పూజారులు, భక్తులు బెల్లమును బంగారమని సమర్పింతురు. బోనమెత్తు స్త్రీని, పూనకమందు పలుకు శివసత్తిని జనులు మంత్రగత్తె యనరు, ఎదురేగి నమస్కరింతురు. ఆ కొలువు పగటివేళ పదుగురిలో జరుగునది, ఊరిక్షేమము కోరునది. బాణామతి యనునది రాత్రివేళ నొంటరిగా చేయుదురని యూహింపబడునది, ఊరికి కీడని భయపెట్టునది. ఒకటి కన్నులార చూడదగినది. రెండవది చెవులార వినబడునదేగాని చూచినవారు దొరకరు.

చివరి సందేహము: ఇది గడచిన కాలపు ముచ్చటయేగదా? కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రములు చేయుదురను అనుమానముతో ఒక తండ్రిని, అతని ఇరువురు కుమారులను నరికి చంపిరి. జాతీయ నేర గణాంకములలో హత్యలకు హేతువుగా మంత్రవిద్య యని ప్రత్యేకముగా నొక పద్దు కలదు. 2022లో ఆ పద్దు క్రింద లెక్కకు వచ్చిన మరణములు 85. గోదావరి కావల ఛత్తీసుగఢమున 2005లో చేసిన శాసనము ననుసరించి ఒకరిని టోన్హీ యని పేర్కొనుటయే నేరము, మూడేండ్లవరకు కఠినశిక్ష. మహారాష్ట్రమున నరేంద్ర దాభోల్కరు పెక్కేండ్లు శ్రమించి కోరిన శాసనము, 2013 ఆగస్టులో ఆయన పుణెలో హత్యకు గురియైన పిమ్మట, ఆ సంవత్సరముననే వచ్చినది. ఆరునెలలనుండి ఏడేండ్లవరకు శిక్ష. ఈ శాసనములు మంత్రవిద్య సత్యమా యని విచారింపవు. నిందించినవాని మాటను, హింసించినవాని చేతిని విచారించును. 1735లో ఇంగ్లండు శాసనము దృష్టి మరలినట్లే, ఇచటను నేరము మంత్రమునుండి మనుష్యుని వైపునకు మరలినది.

విక్కామతమును స్వయముగా ప్రకటించుకొన్న వారు మన దేశమునను లేకపోలేదు. కలకత్తాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి తాను మంత్రగత్తెనని చెప్పుకొని, 2000లో స్వీయచరిత్రను ప్రకటించినది. నగరమున చదువుకొన్న యొక స్త్రీకి బిరుదమైన యా మాటయే పల్లెయందలి మఱియొక స్త్రీకి మృత్యువగుచున్నది. మాట యొక్కటే, పలుకువారెవరు, ఎవరిని గూర్చి పలుకుచున్నారు అనుదానిని బట్టి దాని ఫలము మారుచున్నది.

కావున అనువాదకులకును పత్రికలవారికిని ఒక విన్నపము. విక్కాను విక్కా యనియే వ్రాయుడు. చేతబడి యని తెనిగింపకుడు. చంపబడినవారిని మంత్రగత్తె యనియు మంత్రగా డనియు శీర్షికలలో పేర్కొనకుడు. అట్లు వ్రాసినచో హంతకుని తీర్పునకే మన మచ్చుముద్ర వేసినవార మగుదుము. తెలంగాణపు పత్రికలలో 'మంత్రాల నెపంతో హత్య' యను వాడుక చాలకాలముగా నున్నది. దానిని వ్రాసిన విలేఖరు లెవరోగాని, 'నెపము' అను నొక్కమాటలో సత్యమంతయు నిమిడ్చిరి. అచట మంత్రము లేదు, నెపము కలదు. ఆ మాటను విడువకుండుట మేలు.