బాటలో భిక్షువు: ఆత్మరక్షణము

కొలది దినముల క్రిందట ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసినది. ఆమె కుమారుడు చదువు ముగించి, ఒక ధార్మిక సంస్థలో చేరి, ప్రచారమునకై దూరదేశము వెళ్ళనున్నాడట. వయస్సు ఇరువది రెండేండ్లు. భాష తెలియని చోటు. ఎరిగినవారు లేని ఊళ్ళు. ఇంటిలో తాతగారు కర్రసాము తెలిసిన మనిషి. నాలుగు దెబ్బలు కాచుకొను విద్య నేర్పెదను రమ్మని ఆయన పట్టు. ధర్మము చెప్పబోవు వానికి కర్ర యేల తాతా అని మనుమని నవ్వు. వీరిద్దరిలో ఎవరి మాట సరియైనదో చెప్పుడని ఆ తల్లి కోరినది.

మేము సాము నేర్పు గురువులము కాము. పాతపుటలు తిరగవేసి, వానిలోని మాటను పదిమందికి వినిపించుటయే మా పని. అయినను ఆ ఉత్తరమును ప్రక్కన పెట్టలేకపోతిమి. ఏలయన, ఆ తాతయు మనుమడును వాదించుకొనుచున్న విషయము 2,000 ఏండ్లకు పైబడినది. మతప్రచారమునకై కాలినడకను దేశములు దాటిన తొలి మహాసంఘములలో బౌద్ధభిక్షు సంఘము ఒకటి. బాటలోని అపాయమును గూర్చి వారు ఆలోచించినంతగా, నియమములు వ్రాసికొన్నంతగా ఆలోచించినవారు అరుదు.

మొదట మనుమని పక్షము వినుదము. పాలి వాఙ్మయమున పుణ్ణుడను భిక్షువు కథ కలదు. ఆయన సునాపరాంత దేశమునకు వెళ్ళుటకు బుద్ధుని అనుజ్ఞ కోరెను. అచటి జనులు కఠినులని బుద్ధుడు హెచ్చరించి, వారు తిట్టినచో ఏమనుకొందువని అడిగెను. చేతితో కొట్టలేదు గనుక మంచివారే అనుకొందునని పుణ్ణుడు బదులు చెప్పెను. కొట్టినచో? రాళ్ళు రువ్వినచో? కర్రలతో మోదినచో? కత్తి దూసినచో? ప్రశ్న పెరిగినకొలది పుణ్ణుని శాంతము కూడ పెరిగెను. తుదకు ప్రాణమే తీసినను కోపింపనని ఆయన చెప్పిన పిమ్మట, ఇంతటి నిగ్రహము గల వాడవు గనుక అచట వసింపగలవని బుద్ధుడు అనుజ్ఞ యొసగెను. ఆ వర్షాకాలముననే పుణ్ణుడు 500 మంది ఉపాసకులను, 500 మంది ఉపాసికలను సమకూర్చెనని కథ.

ఈ కథ వినినవారు భిక్షువునకు ఆత్మరక్షణము అక్కరలేదని తలంతురు. కాని పుణ్ణుని కథ మనస్సునకు సంబంధించినది. దేహమునకు సంబంధించిన మాట వినయపిటకమున, అనగా సంఘ నియమావళియందు ఉన్నది. అచట తాతగారి పక్షము వినవచ్చును.

వినయములో ఒక చిన్న ముచ్చట కలదు. అరణ్యములో వసించు భిక్షువుల వద్దకు దొంగలు వచ్చిరి. నీరున్నదా అని అడిగిరి, లేదు. నిప్పున్నదా; లేదు. ఈనాడు ఏ నక్షత్రము, తెలియదు. ఇది ఏ దిక్కు, అదియు తెలియదు. నీరు, నిప్పు లేక, నక్షత్రము, దిక్కు తెలియక అడవిలో నుండువారు మునులెట్లగుదురు, వీరును దొంగలే అని ఆ దొంగలు వారిని చావమోదిరి! ఈ సంగతి విని బుద్ధుడు ఒక నియమము చేసెను. అరణ్యవాసి త్రాగునీరు, వాడుకనీరు, నిప్పు, అరణి సిద్ధముగా ఉంచుకొనవలెను. చేతికర్ర ఉంచుకొనవలెను. నక్షత్రముల గతి కొంతయైనను నేర్వవలెను. దిక్కులు తెలిసియుండవలెను.

ఆ పట్టికలో కర్ర కలదు. కాని అది అనేక వస్తువులలో ఒకటి. నీరు, నిప్పు, దిక్కు, నక్షత్రము: ఇవన్నియు ఆత్మరక్షణములే. తానున్న చోటు ఎరిగినవాడు సగము రక్షితుడు. వచ్చినవానికి దోసెడు నీరు ఈయగలిగినవాడు ఇంకొక పాలు రక్షితుడు.

వినయమున ఇంకొక సూక్ష్మము కలదు. భిక్షువు కోపముతో ఒకరిని కొట్టుట దోషము. కాని ఎవరైన తన్ను హింసించుచుండగా, తప్పించుకొను ఉద్దేశముతో కొట్టినచో దోషము లేదని ఆ నియమము క్రిందనే వివరణ ఉన్నది. ఆ ఉద్దేశమునకు పాలిలో వాడిన మాట ‘మోక్ఖాధిప్పాయ’. మోక్షమనగా ఇచట ముక్తిపదవి కాదు. పట్టు విడిపించుకొని బయటపడుట మాత్రమే. దెబ్బ తీయుటకు కాదు, విడివడుటకు. కోపముతో చేసినది ఒకటి, విడివడుటకై చేసినది వేరొకటి అని ఆ పెద్దలు గీత గీసిరి. దొంగల బిడారుతో తెలిసి కూడి ప్రయాణింపరాదని వారొక నియమము చేసిరి. భిక్షువులు భిక్షుణులతో ముందుగా అనుకొని ఒకే దారిని పోరాదను నియమము మొదట ఉండెను. దానివలన వెనుకబడిన భిక్షుణులను దొంగలు దోచి అవమానించిరి. అంతట ఆ నియమమునే సడలించి, భయము గల బాటలో కలిసి పోవచ్చుననిరి. నియమము మనిషికొరకే గాని మనిషి నియమముకొరకు కాదని వారు గుర్తించిరి.

ఇక నియమములు బాటలో ఎట్లు నిలిచెనో చూతము. ఇందుకు చీనా యాత్రికుల చరిత్రలకన్న మంచి సాక్ష్యము లేదు. హ్యూన్‌త్సాంగ్ సుమారు క్రీ. శ. 629లో చీనా విడిచెను. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు నిండలేదు. సరిహద్దు దాటరాదని రాజశాసనము. ఆయన రాత్రులు నడచి, పగళ్ళు దాగెను. ఎడారి అంచున ఒక వృద్ధుడు ఆయనతో, నీ పడుచు గుఱ్ఱము ఈ దారికి పనికిరాదు, నాదానిని తీసికొనుమనెను. అది బక్కచిక్కిన ఎఱ్ఱని ముసలి గుఱ్ఱము. కాని ఆ దారిని 15 మారులు పోయివచ్చినది. హ్యూన్‌త్సాంగ్ గుఱ్ఱమును మార్చుకొనెను. పిదప ఎడారి నడుమ నీటితిత్తి చేజారి, నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు నీటిచుక్క లేక ఆయన సొమ్మసిల్లెను. అప్పుడు దారి తప్పించి పచ్చిక యొద్దకు, నీటి మడుగు యొద్దకు కొనిపోయినది ఆ ముసలి గుఱ్ఱమే. అంతకుముందే ఒకరాత్రి దారి చూపవచ్చినవాడే కత్తి దూసి సమీపింపగా, హ్యూన్‌త్సాంగ్ లేచి కూర్చుండి జపము మొదలిడెను; వాడు వెనుకకు తగ్గెను. మరునాడు ఆయన వానిని పంపివైచి ఒంటరిగా సాగెను. ద్వేషము లేదు, నమ్మకమును లేదు.

పంజాబునందు శాకల నగరము దాటి, ఒక మోదుగల అడవిలో ఏబదిమంది దొంగలు ఆయన బృందమును పట్టి, బట్టలు ఒలిచి, కత్తులతో ఒక ఎండిన చెరువులోనికి తరిమిరి. చెరువంతయు ముండ్లపొదలు. ఆయన వెంటనున్న కుఱ్ఱ శ్రామణేరుడు దక్షిణపు కట్టలో మనిషి దూరునంత నీటితూము ఉండుట చూచి సైగ చేసెను. ఇద్దరును అందులో దూరి, బయటపడి, పరుగెత్తిరి. దారిలో పొలము దున్నుచున్న బ్రాహ్మణునకు సంగతి చెప్పగా, ఆయన ఎద్దులను విడిచి, శంఖమూది, డప్పు కొట్టి ఎనుబదిమందిని కూడదీసెను. జనమును చూచి దొంగలు పారిపోయిరి. అందరును పోయిన సొత్తుకై ఏడ్చుచుండగా హ్యూన్‌త్సాంగ్ మాత్రము నవ్వెనట. ఏల నవ్వెదవని అడుగగా, ప్రాణమున్నది గదా, బట్టలకు ఏల దుఃఖము అను భావమున బదులు చెప్పెను.

శ్రోతలు ఇచట ఒక సంగతి గమనింపవలెను. ఆయన కొట్లాడలేదు, లొంగి కూర్చుండనూ లేదు. మూడు పనులు జరిగినవి. తూము కంటబడినది, కాళ్ళు పరుగెత్తినవి, పొరుగువాడు పిలువగా ఊరు కదలినది. ఈ మూడింటిలో మొదటిది చేసినవాడు పండితుడు కాదు, పిల్లవాడు.

గంగానదిమీద ఇంతకన్న ఘోరము జరిగినది. అయోధ్య దాటి, ఎనుబదిమందితో పడవలో పోవుచుండగా, పదికి మించిన దోపిడి పడవలు ఆయనను చుట్టుముట్టినవి. ఆ దొంగలు దుర్గకు నరబలి యిచ్చువారు. రూపవంతుడగు ఈ పరదేశినే ఎన్నుకొనిరి. తోడివారిలో కొందరు ఆయనకు బదులు తమ్ము బలి యీయుడని అడిగిరి. పారిపోవు దారి లేదు. ఆయన కొంచెము గడువు కోరి, మైత్రేయుని తలంచుచు కన్నులు మూసెను. అంతలో గాలివాన లేచెను. దొంగలు బెదరి, ఇతడెవరని అడుగగా, ధర్మము వెదకుచు చీనానుండి వచ్చిన భిక్షువని తోడివారు చెప్పిరి. దొంగలు ఆయుధములు నదిలో పారవైచి, సొత్తు తిరిగి యిచ్చిరి. ఈ చరిత్ర శిష్యులు వ్రాసినది. గాలివానను గూర్చి ఎవరి విశ్వాసము వారిది. కాని తూము దొరికిన చోట పరుగెత్తినవాడే, దొరకని చోట మనస్సు చెదరక కూర్చుండెను. పుణ్ణుని శాంతము కడపటి ఆయుధము; మొదటిది కాదు.

ఈ అనుభవములవలన ఆయన ఒక పద్ధతి నేర్చెను. తిరుగు ప్రయాణమున, పంజాబు కొండదారులలో వందకు మించిన భిక్షువులతో పోవుచు, ముందుగా ఒకరిని పంపెడివాడు. దొంగలు ఎదురైనచో, మేము దూరదేశమునుండి ధర్మమునకై వచ్చినవారము, మా మూటలలో ఉన్నవి గ్రంథములు, విగ్రహములు, ధాతువులు, మీరే మాకు కావలి యుండుడని ఆ భిక్షువు చెప్పవలెను. దొంగలు పలుమారులు ఎదురైనను హాని చేయలేదట. క్రీ. శ. 645లో ఆయన 657 గ్రంథములతో స్వదేశము చేరెను.

ఆయన తరువాత వచ్చిన ఇత్సింగ్ కథ ఇంకొకటి. క్రీ. శ. 671లో ఓడనెక్కి, 673లో తామ్రలిప్తి చేరి, కొంతకాలము భాష నేర్చుకొని, వందలకొలది వర్తకులతో మగధకు బయలుదేరెను. మహాబోధికి పదిరోజుల దూరమున జ్వరపడి వెనుకబడెను. ప్రొద్దుగ్రుంకువేళ దొంగలు విండ్లు ఎక్కుపెట్టి వచ్చి, కట్టుబట్టలు సైతము ఒలిచికొనిరి. తెల్లని మేనివారిని పట్టి బలి యిత్తురను వదంతి ఆయన చెవిని పడియుండెను. కావున ఆయన బురదగుంటలో దిగి, ఒడలంతయు బురద పూసికొని, ఆకులు కప్పుకొని, కర్ర ఊతగా మెల్లగా నడచి, రెండవజామున తోడివారిని చేరెను. ఆయనకై పిలుచుచు ఒక మిత్రుడు ఊరి వెలుపల వేచియుండెను. మహాపండితుడు బురద పూసికొనుటకు సిగ్గుపడలేదు. దానిని తానే వ్రాసి దాచెను. కొన ఊపిరితో దక్కిన ఆ ప్రాణము క్రీ. శ. 695లో చీనాకు తిరిగివచ్చి, అనేక గ్రంథములను అనువదించినది.

ఇచట కొందరు షావోలిన్ ఆరామమును గూర్చి అడుగుదురు. దక్షిణదేశపు బోధిధర్ముడు ఆ భిక్షువులకు మల్లవిద్య నేర్పెనని లోకవాడుక. ఆ కథకు ఆధారముగా చూపు వ్యాయామగ్రంథము 17వ శతాబ్దికి చెందినది. క్రీ. శ. 621లో షావోలిన్ భిక్షువులు ఒక యుద్ధమున పాల్గొన్నట్లు 728 నాటి శిలాశాసనము చెప్పుచున్నది; అది నిజము. కాని ఆ పోరు ఆరామపు భూమి కొరకు, రాజపక్షము కొరకు జరిగినది. బాటపట్టిన ప్రచారకుని రక్షణము వేరు.

ఈ చరిత్రకు మన నేలతోను సంబంధము కలదు. హ్యూన్‌త్సాంగ్ వేంగిని, ధాన్యకటకమును దర్శించి, ధాన్యకటకమున కొన్ని మాసములు ఉండి మహాసాంఘికుల అభిధర్మము చదివెను. అంతకు సుమారు 400 ఏండ్ల ముందు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున, బోధిశ్రి అను ఉపాసిక నాగార్జునకొండ లోయలో ఒక శాసనము వ్రాయించెను. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి, యవనము, ద్రమిళము మొదలగు దేశముల జనులను ధర్మమున ప్రసన్నులను చేసిన తామ్రపర్ణి ఆచార్యులకు ఆమె చైత్యగృహము అర్పించెను. ఆ లోయ నేడు సాగరజలములలో ఉన్నది. లాంచీలో ఆ నీటిమీదుగా పోవునపుడెల్ల మేము ఆ దేశముల పట్టికను తలంచుకొందుము. శాసనము చేరిన చోట్లనే చెప్పినది. ఒక్కొక్క పేరు వెనుక ఎన్ని అడవులు, ఎన్ని ఏరులు, దారిలో ఆగిపోయినవారు ఎందరు! ఇంట కూర్చుండి బాటసారుల కష్టమును తలంచి, వారికొక గూడు కట్టించినది ఒక గృహిణి. ఉత్తరము వ్రాసిన తల్లికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలెనని మా కోరిక.

ఇక ఆమె ప్రశ్నకు మాకు తోచిన సమాధానము. అమ్మా, తాతగారు నేర్పెదనన్నది నేర్చుకొననిండు. కాని కొట్టుటకు కాదు, విడివడుటకు. అంతకు ముందు నేర్వవలసినవి కొన్ని కలవు. ఆ దేశపు భాష, దిక్కులు, ఒంటరిగా పోరాదని, పోయినచో ఎచటికి, ఎప్పుడు వచ్చునో ఒకరికి చెప్పిపోవలెనని, మూటను అడిగినవానికి మూట ఇచ్చివేయవలెనని, ఎండిన చెరువులో తూము ఎచటనున్నదో ముందే చూచుకొనవలెనని, ఊరివారితో స్నేహము శంఖధ్వని వంటిదని. పరుగెత్తుటకు, బురద పూసికొనుటకు సిగ్గుపడవలదని కూడ చెప్పుడు.

మీ కుమారుని నవ్వును కూడ తప్పు పట్టకుడు. ఆ నవ్వు పుణ్ణునిది. చేతిలో కర్ర ఉన్నను మనస్సులో కోపము లేకుండుటకు అది కావలెను. తాత కర్ర, మనుమని నవ్వు రెండును ఒకే మూటలో పట్టును. ఆ మూటతో బయలుదేరినవారిలో పలువురు తిరిగివచ్చిరి. వచ్చినవారే మనకు ఈ కథలు చెప్పిరి. మీవాడును క్షేమముగా తిరిగివచ్చి, తన కథ తానే మీకు చెప్పుగాక.