బెంగళూరు నీలిద్రాక్ష, హైదరాబాదు అనాబ్-ఎ-షాహి: ఒక సంకరణ చరిత్ర

బెంగళూరు సమీపమున రూపొందిన ద్రాక్ష సంకర వంగడములలో “అర్క హంస” యొకటి. దీని తల్లి బెంగళూరు నీలిద్రాక్ష. తండ్రి హైదరాబాదు తోటలకు ప్రసిద్ధి తెచ్చిన అనాబ్-ఎ-షాహి. సంకరముల వంశము వ్రాయునపుడు తల్లిపేరు ముందును, తండ్రిపేరు పిదపను వ్రాయుట శాస్త్రజ్ఞుల మర్యాద. ఆ యొక్క పంక్తిలో రెండు నగరముల తోటల చరిత్ర యిమిడియున్నది. బెంగళూరులోని తెలుగువారికి ఆ రెండు చరిత్రలును పరాయివి కావు.

నీలిద్రాక్షకు బెంగళూరు పేరు వచ్చినను దాని జాతిమూలము ఈ నేలది కాదు. ఉత్తర అమెరికా తూర్పు భాగపు అడవులలో పెరుగు లాబ్రుస్కా జాతి రక్తము దీనియందు కలదు. విత్తులు గల చిన్న పండు, ముదురు నీలి రంగు, ఘాటైన పరిమళము, ఊదారంగు రసము దీని గుర్తులు. శీతదేశములలో ద్రాక్షతీగ చలికాలమున ఆకులు రాల్చి నిద్రించును. బెంగళూరు సమశీతల వాతావరణమున దానికట్టి నిద్ర లేదు. కత్తిరింపును సకాలమున చేసినచో నీలిద్రాక్ష ఏటికి రెండు పంటల నిచ్చును. పక్షికన్ను తెగులును తట్టుకొనుట దీని మరియొక గుణము. దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, కోలారు ప్రాంతముల రైతులు దీనిని ఆదరించుటకు ఇవియే కారణములు. ఆ రైతులలో ఇంట తెలుగును, సంతలో కన్నడమును మాట్లాడు కుటుంబములు అనేకము.

అనాబ్-ఎ-షాహి యనగా రాజద్రాక్ష యని యర్థము. ఇది ఐరోపా, పశ్చిమాసియా ప్రాంతముల వినిఫెరా జాతికి చెందినది. దీనిని హైదరాబాదునకు తెచ్చినవాడు అబ్దుల్ బాకర్ ఖాన్ అని చెప్పుదురు. పెద్ద గుత్తులు, కోలగా నుండు లేతరంగు పండ్లు, పందిరి నిండ కాపు దీని సొత్తు. కాని బూజు తెగులునకు ఇది సులభముగా లొంగును.

ఒకదాని గుణమును మరియొకదానితో కలుపవలెనను తలంపు ఇట్టి చోటనే పుట్టును. 1967లో ఏర్పడిన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ బెంగళూరు చెంత హెసరఘట్టలో ఆ పనికి పూనుకొనెను. అర్కావతీ నది ఆ ప్రక్కనే ప్రవహించును. ఆ సంస్థ వంగడముల పేర్ల ముందుండు “అర్క” శబ్దమునకు ఆ నదియే మూలము.

ద్రాక్షపువ్వు మిక్కిలి చిన్నది. అది విచ్చకమునుపే టోపీవంటి పైపొరను, పుప్పొడి తిత్తులను శ్రావణముతో తొలగించి, గుత్తికి సంచి తొడిగి, తగిన సమయమున వేరొక తీగ పుప్పొడిని అద్దవలెను. పండిన పిదప విత్తులు నాటి, మొలకలు తీగలై కాయువరకు ఏండ్లు వేచియుండవలెను. ద్రాక్షవిత్తు తల్లిని పోలిన మొక్క నీయదు. ప్రతి మొలకయు వేరు. వానిలో మేలైనదానిని ఏరి, కొమ్మముక్కలతో వృద్ధిచేయుదురు.

అర్క హంస పండ్లు పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగువి, ద్రాక్షసారాయమునకు తగినవి. నీలితల్లికి తెల్లని బిడ్డ పుట్టుట వింత కాదు. నలుపు రంగు ప్రబలము, తెలుపు దుర్బలము. తల్లిలో మరుగుపడియున్న తెలుపు, తండ్రి తెలుపుతో కలిసి బయటపడినది. నీలిద్రాక్షను బ్లాక్ చంపాతో కలుపగా అర్క శ్యామయు, అనాబ్-ఎ-షాహిని క్వీన్ ఆఫ్ ద వైన్‌యార్డ్స్‌తో కలుపగా అర్క కాంచనయు రూపొందినవి.

ఈ కీర్తి పరిశోధకులకు మాత్రమే చెందదు. అమెరికాలోని న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ అనువారు 1911 మొదలు బ్లూబెర్రీ పొదలను మెరుగుపరచి 1916లో తొలిపంట నమ్మిరి. పెద్దపండ్లు కాచు అడవిపొదలను వారికి చూపినవారు ఆ యడవులలో పండ్లేరు గ్రామీణులే. ఇచ్చటను అంతియే. రైతులు తరతరములుగా నిలిపిన తల్లితీగలు లేనిచో హెసరఘట్టలో సంకరమునకు చోటే లేదు.

2013లో బెంగళూరు నీలిద్రాక్షకు భౌగోళిక గుర్తింపు లభించెను. కాని గుర్తింపుపత్రము తీగను బ్రదికింపజాలదు. దేవనహళ్లిలో 2008లో విమానాశ్రయము తెరచిన పిదప నేల వెల పెరిగి, పొలములు ఇండ్లస్థలము లగుచున్నవి. హైదరాబాదు చుట్టును నగరము విస్తరించెను. విత్తులేని రకములు వచ్చి అనాబ్-ఎ-షాహిని వెనుకకు నెట్టెను. కొమ్మముక్కతోనే నిలుచు వంగడము, నాటువాడు లేని నాడు అంతరించును; విత్తు దాచినను అది తిరిగి రాదు.

కావున పరిశోధన క్షేత్రములందు తల్లితీగలను కాపాడుటతోపాటు, కత్తిరింపు వేళలను, తెగుళ్ల గుర్తులను ఎరిగిన వృద్ధరైతుల మాటలను తెలుగునను, కన్నడమునను వ్రాసియుంచుట తక్షణకర్తవ్యము. బిడ్డపేరు గ్రంథములందు నిలిచినది. తల్లిదండ్రులు నేలపై నిలువవలెను.