గార్డెన్ రీచ్‌లో పెద్దల పండుగ

సంక్రాంతిని తెలుగువారు పెద్ద పండుగ యందురు. పండుగలన్నిటిలో పెద్దది గనుక ఆ పేరు వచ్చినదని సామాన్యముగా చెప్పుదురు. కాని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతపు ఇండ్లలో ఆనాటి ఆచారమును చూచినవారికి మరియొక అర్థము తోచును. అది పెద్దల పండుగ. భోగిమంట పిల్లలది, కనుమ పశువులది, నడుమనున్న సంక్రాంతి గతించిన పెద్దలది. ఆనాడు తలంటుకొని, క్రొత్తబట్టలను తాము కట్టుకొనుటకు ముందు పెద్దల పేరిట దేవునిమూల నుంచి, గుమ్మడికాయ కూర, పరమాన్నము, గారెలు, అరిసెలు నివేదించి, వారిని పేరు పేరున తలంచుకొందురు. పెద్దలకు పెట్టుట యని దీనికి పేరు. తాతకు పంచెల చాపు, నాయనమ్మకు చీర. ఆమె బ్రతికియుండగా ఏ రంగును ఇష్టపడెనో ఆ రంగే కొనవలెనని పట్టుపట్టు ఇండ్లు కలవు.

ఈ పండుగను పెద్దలు బ్రతికిన యింటనే జరుపుకొనవలెనని జనుల నమ్మకము. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. పితృదేవతలు కాకిరూపమున వత్తురని నమ్మిన జాతికి ఆ మాటలో ఊరక ప్రయాణనిషేధము మాత్రమే కాదు, ఇంకను చాల వినబడును. అయితే ఆ కాకి రైల్వేలో కొలువు చేసినది కాదు. కదలకుండుట ధర్మమైన దినమున బండ్లను కదలించుటయే జీవనోపాధియైన తెలుగువారు ఈ పండుగను ఎట్లు నిలుపుకొనిరనునది గార్డెన్ రీచ్ చరిత్రలో ఒక ముఖ్యమైన భాగము.

గార్డెన్ రీచ్ మొదటినుండియు ఇల్లు విడిచి వచ్చినవారి చోటు. రాజ్యము పోగొట్టుకొనిన అయోధ్య నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా చేరి, ఇచ్చటి మటియాబురుజులో తన లక్నోను గంగయొడ్డున మరల కట్టుకొనజూచెను. ఆయన 1887లో గతించెను. ఆ సంవత్సరమే బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ ఏర్పడెను. తరువాతి కాలమున దాని ప్రధాన కార్యాలయము ఈ గార్డెన్ రీచ్‌లోనే వెలసెను.

తెలుగునాటికిని ఈ కార్యాలయమునకును ముడి వేసినది తూర్పుతీరపు మార్గము. బెజవాడనుండి కటకమువరకు 1893, 1896 సంవత్సరముల మధ్య ఆ లైను ముక్కలు ముక్కలుగా తెరువబడెను. 1900లో కోలాఘాటు వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై హౌరాకు దారి కలిసెను. 1902లో వాల్తేరుకు ఉత్తరపు భాగము బెంగాలు నాగపూరు రైల్వే వశమయ్యెను. నాటినుండి వంశధార, నాగావళి తీరముల గ్రామములవారికి కొలువనగా ఖర్గపూరు కర్మశాల, లేదా గార్డెన్ రీచ్ కచ్చేరి. 1944లో కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చెను. 1952లో తూర్పు రైల్వే, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే అని బోర్డుపై పేరు మారెను. వాల్తేరుకు సుమారు 880 కిలోమీటర్ల దూరము మాత్రము మారలేదు.

తొలితరమువారిలో పలువురు ఒంటరిగా వచ్చిరి. పండుగకు సెలవు దొరకినవాడు ఊరు చేరెను; దొరకనివాడు మనియార్డరు పంపెను. ఆ కాగితపు అడుగున సమాచారము వ్రాయుటకు విడిచిన చిన్న చోటిలో పెద్దలకు పెట్టవలసిన బట్టల సంగతి ఇరికింపవలసి వచ్చెడిది. ఇట్లు కొన్నియేండ్లు పండుగ ఊరిలోనే యుండెను, దానికి కావలసిన ధనము మాత్రము గార్డెన్ రీచ్ నుండి పోయెను.

ఈ స్థితిని మార్చినవారు తల్లులు. తండ్రి గతించిన పిమ్మట ఊరిలో ఒంటరియైన తల్లిని ఉద్యోగి తన క్వార్టరుకు తెచ్చుకొనెను. రైల్వే నియమములను తప్పుపట్టువారు చాలమంది కలరుగాని, ఒక్క విషయమున వానికి నమస్కరింపవలెను: పోషణలోనున్న వితంతువగు తల్లి పేరును పాసులో చేర్చుకొను వీలు వానియందు కలదు. ఆమె వచ్చునప్పుడు మూటలో అరిసెల చెక్కలు వచ్చినవి. ఏ తిథినాడు ఎవరిని తలంచుకొనవలెనో ఆ జ్ఞాపకము వచ్చినది. పెద్దదిక్కు ఇచ్చట నున్నందున పెద్దల పండుగ ఇచ్చటికి రాక తప్పలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఏటా లభించు రెండు పరిమిత సెలవులలో ఒకటి సంక్రాంతికి, ఇంకొకటి ఉగాదికి అని పలువురు తెలుగువారు పెట్టుకొనిరి.

వంగదేశము వారికి ఈ పండుగలో పరాయిది కాలేదు. పౌష సంక్రాంతికి వంగీయులు క్రొత్త బియ్యపుపిండి, కొబ్బరి, ఖర్జూరపు బెల్లముతో పిఠాలు చేయుదురు. మన అరిసెయే మార్గమధ్యమున ఒడిశాలో ఆరిసా పిఠా యగును. ఆనాడే లక్షలాది యాత్రికులు గంగాసాగరమునకు పోవుదురు. కపిలముని కోపమున బూడిదయైన అరువదివేల సగరపుత్రులను ఉద్ధరించుటకై వారి వంశీయుడు భగీరథుడు గంగను తెచ్చిన చోటది. తాతల ఋణము తీర్చుటకు ఒక మనుమడు పడిన పాటు ఆ కథ. గార్డెన్ రీచ్ ముంగిట పారు నీరు ఆ సాగరమునకే పోవును.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. అసలు గంగ కాళీఘట్టము ప్రక్కగా పోవు ఆదిగంగయనియు, ఖిదిర్‌పూరుకు దిగువనున్న ప్రవాహము తరువాత త్రవ్వబడినదనియు వంగీయులలో ఒక మాట కలదు. దానిని వారు కాటిగంగ యందురు. వారి భాషలో ఆ పదమునకు త్రవ్విన గంగ యని అర్థము. తెలుగు చెవికి మాత్రము అది కాటిలోని గంగగా వినబడును. పితృదేవతలకు నీరు విడుచు చోటికి ఇంతకన్న తగిన పేరు కోరినను దొరకదు.

భాద్రపద బహుళ అమావాస్యనాడు ఆ ఘట్టములన్నియు నిండును. వంగీయులకు అది మహాలయ. 1930ల నుండియు ఆ తెల్లవారుజామున రేడియోలో బీరేంద్రకృష్ణ భద్రుని చండీపఠనము విని తర్పణములకు పోవుట వారి వాడుక. తెలంగాణమున అదే దినము పెత్రమాస. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుదురు.

మాఘ శుద్ధ అష్టమినాడు భీష్మునకు విడుచు తర్పణము వీనికన్న భిన్నమైనది. ఉత్తరాయణమునకై అంపశయ్యపై వేచిన ఆ వృద్ధునకు సంతతి లేదు. కావున ఎల్లరును ఆయనకు నీరు విడువవలెను, తండ్రి జీవించియున్నవాడు సైతము. గార్డెన్ రీచ్ తెలుగువారికి ఇట్టి పెద్దలు పెక్కుమంది. బరంపురమున 1894లో జన్మించి, బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులకు నాయకుడై, 1969లో రాష్ట్రపతియైన వి.వి. గిరి గారిని లోకమెరుగును. క్రొత్తగా వచ్చిన కుర్రవానికి తన గదిలో చాప పరచి, దరఖాస్తు వ్రాసి పెట్టిన గుమాస్తాలను వారి మేలు పొందినవారి ఇండ్లు మాత్రమే ఎరుగును.

2003లో వాల్తేరు డివిజను భువనేశ్వరము కేంద్రముగా ఏర్పడిన తూర్పు కోస్తా రైల్వేలో చేరెను. తెలుగునాటినుండి గార్డెన్ రీచ్‌కు బదిలీపై వచ్చు దారి సన్నగిల్లెను. ఇచ్చటనే పుట్టి పెరిగిన మనుమలకు తాతల ఊరు పాసుమీది స్టేషను పేరు. క్వార్టరైనను శాశ్వతము కాదు. పదవీ విరమణతో దానిని అప్పగింపవలెను, గోడమీది పటములను దింపి వేరొక యింటికి తరలవలెను. ఆ పటముల ముందే ఏటేట పెద్దలకు పెట్టుచున్నారు. నాయనమ్మ పేరిట చీర గరియాహాటులో కొనుట వాడుకయైనది. వంగదేశపు తాంతు నేతయైనను రంగు మాత్రము ఆమెకు నచ్చినదే. తాతకు మాత్రము పొందూరు పంచెయే కావలెనని ఇంటిలో ఎవరో ఒకరు పట్టుపట్టుదురు. ఊరికి పోవువారెవరో కనుగొని, సొమ్మిచ్చి, ఆ పని వారికి ముందుగనే అప్పగింతురు.