జూలు దువ్విన చేతులు

“మీరు గుర్రాలెక్కి వచ్చినోళ్లు” అనే మాట మేం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బడిలో చరిత్ర పాఠం జరుగుతున్నప్పుడు విన్నాం. 1992 డిసెంబర్ 6 తర్వాత టీ కొట్ల దగ్గర ఇంకాస్త గట్టిగా విన్నాం. అన్నవాడు మనకు తెలిసినవాడే అయ్యుంటాడు. రంజాన్‌కు మన ఇంట్లో సేమ్యా తిన్నవాడే అయ్యుంటాడు. అయినా ఆ మాట అంటాడు.

గుర్రాల మాట నిజమే. నరసరావుపేట, మాచర్ల, గురజాల సాయిబుల ఇళ్ల ముందు గుర్రాలుండేవి. కాని వాటిమీద ఎక్కి ఊరేగింది మేం కాదు. గడ్డి కోసింది మేం. ఉలవలు నానబెట్టింది మేం. లాడాలు కొట్టింది మేం. జూలులో చిక్కులు తీసింది మేం. చరిత్ర పుస్తకాల్లో సుల్తాను ఉంటాడు, సేనాని ఉంటాడు, వాళ్ల కింద గుర్రం కూడా ఉంటుంది. దాని మెడ పక్కన నిలబడ్డ సాయీసు మాత్రం కనబడడు. మేం ఆ సాయీసు వైపు నుంచి నాలుగు మాటలు చెప్పుకోదలిచాం.

మొదట అసలు గుర్రాలు ఎవరివో చూద్దాం. ఇప్పటి పల్నాడు జిల్లాలోనే ఉన్న కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. కుమారగిరిరెడ్డి కాలపు వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి ఏయే దేశాల నుంచి ఏయే సరుకులు తెప్పించేవాడో శ్రీనాథుడు ‘హరవిలాసం’లో చెప్పాడు. వాటిలో హురుమంజి గుర్రాలున్నాయి. హురుమంజి అంటే పారశీక తీరంలోని హోర్ముజ్. తెప్పించింది సెట్టి, ఎక్కింది రెడ్డి రాజ్యం. 1515లో కొండవీడును గెలిచిన కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెబుతూ, మేలు గుర్రాలు తెచ్చే పరదేశి వర్తకులకు ఊళ్లిచ్చి, మర్యాద చేసి, లాభమిచ్చి దగ్గర ఉంచుకోమన్నాడు. ఆ గుర్రాలు శత్రువుకు చేరకూడదని ఆయన జాగ్రత్త. అంతకు ముందే రెండో దేవరాయలు ముస్లిం రౌతుల్ని తన సైన్యంలో పెట్టుకున్నాడు. మరి గుర్రం మీద వచ్చిన నేరం ఒక్క మా మీదే ఎందుకు మోపుతున్నారు?

మార్కోపోలో 13వ శతాబ్దం చివర్లో దక్షిణ తీరంలోని మాబారు గురించి రాస్తూ, అక్కడికి ఏటా వేల గుర్రాలు దిగుమతి అవుతాయనీ, సాకడం తెలియక చాలా భాగం చచ్చిపోతాయనీ చెప్పాడు. వర్తకులు లాడాలు కొట్టేవాళ్లను రానిచ్చేవాళ్లు కాదట. గుర్రాలు చస్తేనే కదా మళ్లీ బేరం! అంటే సాకే చెయ్యి లేకపోతే రాజు ఖజానా ఎంత పెద్దదైనా గుర్రం బతకదు. ఆ చేతికే చరిత్రలో పేరు లేకుండా పోయింది.

పేరు లేకపోయినా మాటలు మిగిలాయి. జీను, లగాము, రికాబు, చాబుకు, సవారీ, దాణా, నాల్‌బందు. ఇవన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి తెలుగులోకొచ్చి తెలుగైపోయినవి. జూలు, కళ్లెం, పగ్గం అని కూడా అంటాం. వాటిని మేం పరాయివి అనుకోలేదు. మా ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ని సాలోత్రి అంటాం. ఆ మాట శాలిహోత్రుడనే సంస్కృత అశ్వశాస్త్ర కర్త పేరు నుంచి వచ్చింది. ఆయన శాస్త్రం బహమనీల కాలంలో దక్కనులోనే పారశీకంలోకి తర్జుమా అయింది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రం రాశాడు. గుర్రం నొప్పికి మతం లేదు కాబట్టి దాని వైద్యానికీ మతం లేకపోయింది.

ఇక జూలు సంగతి. గుర్రపు నుదుటి జుట్టులో, జూలులో, తోకలో వేటినీ కత్తిరించవద్దని ప్రవక్త చెప్పినట్టు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. తోక దానికి ఈగలు తోలుకునే విసనకర్ర, జూలు దానికి వెచ్చదనం, నుదుటి జుట్టులో శుభం ముడిపడి ఉంది అని దాని సారాంశం. మా పెద్దవాళ్లలో చాలామంది ఆ పుస్తకం చదివినవాళ్లు కాదు. అసలు ఏ పుస్తకమూ చదివినవాళ్లు కాదు. కాని జూలు మీద కత్తెర పెట్టేవాళ్లు కాదు. కత్తిరించకపోతే మరి దువ్వాలి. అదే వాళ్ల పని.

పల్నాడు నేల సంగతి తెలిసినవాళ్లకు ఆ పనెంత కష్టమో తెలుస్తుంది. ఎండాకాలం దుమ్ము, చెమట కలిసి జూలు అట్ట కడుతుంది. వానలు పడగానే చేలగట్ల మీద ఉత్తరేణి, మరులమాతంగి లేస్తాయి. మేతకు వదిలిన గుర్రం సాయంత్రానికి జూలునిండా ముళ్లకాయలు తగిలించుకొస్తుంది. పొడి జుట్టును లాగితే కుదుళ్లతో సహా ఊడొస్తుంది. గుర్రం బెదురుతుంది, మర్నాడు దువ్వెన చూస్తేనే తల విదిలిస్తుంది.

అందుకే పద్ధతి ఉంది. ముందు నూనె చేతికి రాసుకుని చిక్కుకు పట్టించాలి. ముళ్లకాయను లాగకూడదు, వేళ్లతో నలిపి విడదీయాలి. పాయను పైన ఒక చేత్తో గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు లాగుడు చర్మానికి తగలదు. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. ముందు వేళ్లు, తర్వాత వెడల్పు పళ్ల కర్ర దువ్వెన. చిక్కు తీయకుండా నీళ్లు పోస్తే ముడి ఇంకా బిగుస్తుంది. కుంకుడు రసంతో కడిగితే నురుగు మిగలకుండా తొలిచేయాలి, లేకపోతే దురద పుట్టి గుర్రం మెడను స్తంభానికేసి రుద్దుకుంటుంది, జూలు తెగిపోతుంది. వానల్లో చిన్న దోమలు కుట్టినా అంతే. అప్పుడు వేపనూనె. జూలు మరీ పొడవైతే వదులుగా జడలల్లాలి. బిగించి అల్లితే కుదుళ్లు తెగుతాయి, కొన్నాళ్లకు విప్పి మళ్లీ అల్లాలి.

“ఊపర్ సే నై బేటా, నీచే సే. ఆహిస్తా.” పైనుంచి కాదు బాబూ, కిందనుంచి, నెమ్మదిగా. జట్కా తోలిన మా తాతల దగ్గర మేం నేర్చుకున్న మొదటి చదువు ఇదే. పగలంతా స్టేషను దగ్గర బేరాలకు నిలబడి, “ఏయ్ సాయిబూ” అనిపించుకుని వచ్చిన మనిషి, రాత్రి తాను తినకముందు గుర్రానికి దాణా పెట్టి, జూలు దువ్వేవాడు. ప్రేమొక్కటే కాదు. గుర్రం పుండుపడితే మర్నాడు పొయ్యి వెలగదు.

జంతువుల మీద క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. 1965 నియమాల ప్రకారం బండి లాగే జంతువుతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు చేయించకూడదు. మంచి నియమమే. పల్నాడు ఎండలకు గుర్రానికి ఆ నీడ అవసరమే. కాని ఆ మూడు గంటల కూలి పోయిన మనిషికి ఏ నీడ ఉందో ఎవరూ రాయలేదు. తర్వాత ఆటోలొచ్చాయి. జట్కాలు పోయాయి. గుర్రాలు అమ్ముడుపోయాయి. గుర్రం తోలినవాళ్ల కొడుకులు కొందరు అద్దె ఆటో తోలుతున్నారు, కొందరు పంక్చర్లు వేస్తున్నారు, కొందరు పండ్ల బండ్లు తోస్తున్నారు. ఏ సుల్తాను ఖజానాలోంచీ మాకు వాటా రాలేదు.

దక్కనులో పీర్ల పండుగకు లేచే పీర్లలో నాల్ సాహెబ్ ఉన్నాడు. గుర్రపు నాడా ఆకారం ఆ పీరుది. హిందువులూ ముస్లింలూ కలిసి దండం పెట్టుకుంటారు. కారంపూడిలో ఏటా పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది, బ్రహ్మనాయుడి చాపకూడును తలుచుకుంటారు. కులాలన్నీ ఒక చాప మీద కూర్చోవాలన్న ఆలోచన ఈ నేలదే. ఆ చాప మీద చోటు కోసం మేం అర్జీ పెట్టుకోనక్కర్లేదు. ఈ నేల ముళ్లు మా వేళ్లలో దిగాయి.

మా ఇళ్లల్లో వెతికితే కత్తులు దొరకవు. పళ్లు విరిగిన కర్ర దువ్వెన దొరకవచ్చు. మా చరిత్ర ఏదని అడిగేవాళ్లకు మేం దాన్నే చూపిస్తాం. చిక్కు ఎవరు వేశారో చరిత్రకారులు తేల్చుకోనీండి. తీయడం మాత్రం మాకు తెలుసు. కొసల నుంచి మొదలుపెట్టాలి, నెమ్మదిగా, కుదుళ్లు తెగకుండా.