అసలును నిలబెట్టిన నకలు

1998లో రాక్ సంగీత లోకంలో అందరికీ తెలిసిన ఒక ఎలక్ట్రిక్ గిటార్‌కు మరమ్మతు చేయాల్సి వచ్చింది. 'క్వీన్' బృందంలో బ్రయాన్ మే ముప్పయ్యేళ్లకు పైగా వాయించిన 'రెడ్ స్పెషల్' అది. ప్రపంచంలో అలాంటిది ఒక్కటే. దాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే పనిని ఏ పెద్ద గిటార్ కంపెనీకీ ఇవ్వలేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన గ్రెగ్ ఫ్రయర్ అనే వాద్యశిల్పికి ఇచ్చారు. దానికి ఆయన అర్హత ఒక్కటే: అంతకు ఏడాది రెండేళ్ల ముందు ఆ గిటార్‌కు మూడు నకళ్లు చేశారు. ముందు నకలు, తర్వాత అసలుకు మరమ్మతు అనే ఈ వరుసలోనే అసలు విషయం ఉంది. పేరున్న కళాకారుడి వాద్యానికి నకలు తీయడాన్ని అభిమానుల సరదాగానో, వ్యాపారుల ఎత్తుగడగానో చూడటం మనకు అలవాటు. రెడ్ స్పెషల్ చరిత్ర అందుకు భిన్నమైన సంగతి చెబుతుంది. నిజాయితీగా తీసిన నకలు ఒక పరిశోధన. వాద్యంలో ఏది కావాలని చేసిందో, ఏది గతిలేక చేసిందో, ఏది కాలం చేసిందో విడదీసి చూపగలిగేది అదే.

ఆ గిటార్ పుట్టుకకు మూలం చేతిలో డబ్బు లేకపోవడమే. 1963 ఆగస్టులో లండన్ శివారు ఫెల్తంలో పదహారేళ్ల బ్రయాన్, ఎలక్ట్రానిక్స్ పనిలో ఆరితేరిన తండ్రి హెరాల్డ్‌తో కలిసి గిటార్ చేయడానికి కూర్చున్నాడు. ఫెండర్ గిటార్ కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. దాదాపు రెండేళ్లు చేతి పనిముట్లతోనే పని సాగింది. ఒక పాత ఇంటి ఫైర్‌ప్లేస్ చుట్టూ బిగించిన వందేళ్ల నాటి మహాగని చెక్కతో గిటార్ మెడ తయారైంది. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. బాడీ నడిమి భాగానికి పాత బల్ల నుంచి తీసిన ఓక్ చెక్క, దాని చుట్టూ బ్లాక్‌బోర్డు అనే చౌక అతుకుచెక్క, పైన మహాగని వెనీర్ వేశారు. ఫ్రెట్‌బోర్డుకు నల్లరంగు పూసిన ఓక్ వాడారు. దాని మీద స్వరస్థానాలు చూపే చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీల నుంచి వచ్చాయి. తీగల స్వరాన్ని ఊపే ట్రెమలో పాత కత్తి అంచు మీద కదులుతుంది. దాన్ని వెనక్కి లాగి పట్టేవి 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ ఇంజనులోని వాల్వు స్ప్రింగులు. ఊపే కమ్మీ సైకిలు సంచి తగిలించే ఊచ, దాని కొనన ఉన్నది అల్లికల సూది ముక్క. మొత్తం ఖర్చు సుమారు 8 పౌండ్లని చెబుతారు.

ఈ జాబితా వింటే ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటలో పడి దాని వెనక ఉన్న లెక్కను మరిచిపోతాం. తీగ మోగే పొడవు ఇందులో 24 అంగుళాలు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో అది 25.5. పొడవు తగ్గితే అదే స్వరానికి తీగ బిగువు తగ్గుతుంది, వేలితో తీగను లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్లడం తేలికవుతుంది. ట్రెమలో ఊపాక తీగలు తిరిగి శ్రుతిలోకి రావాలంటే ఎక్కడా రాపిడి ఉండకూడదు. అందుకే కత్తి అంచు, అందుకే బ్రిడ్జి మీద తీగలు తిరిగే చిన్న రోలర్లు. బాడీ లోపల బోలు గదులు వదలడం కూడా కావాలని చేసిన పనే. పెద్ద శబ్దంలో యాంప్లిఫయర్ ముందు నిలబడితే బాడీ స్పందించి స్వరం ఆగకుండా పాడాలన్నది ఉద్దేశం. మొదట అయస్కాంతాలు కొని, వైరు చుట్టి, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు కూడా ఇంట్లోనే చేశారు. తీగను పక్కకు లాగితే వాటిలోంచి వచ్చే మోత బాగుండకపోవడంతో బర్న్స్ ట్రైసోనిక్ పికప్‌లు కొని, ఈల వేయకుండా లోపల అరాల్డైట్ జిగురు నింపారు. మూడు పికప్‌లను సిరీస్‌లో కలిపి, ప్రతి దానికీ ఆన్-ఆఫ్ స్విచ్ ఒకటి, ఫేజ్ తిప్పే స్విచ్ ఒకటి పెట్టారు. సిరీస్‌లో కలిపితే వాటి వోల్టేజీలు కూడి స్వరం చిక్కబడుతుంది. ఒకదాని ఫేజ్ తిప్పితే రెండింటిలో ఉమ్మడిగా ఉన్నది కొట్టుకుపోయి, సన్నటి కేకలాంటి స్వరం మిగులుతుంది. క్వీన్ పాటల్లో విని గుర్తుపట్టే రంగులు చాలావరకు ఈ ఆరు స్విచ్‌ల మీద ఆధారపడ్డవే.

మొదటి నకళ్లు ఈ లెక్కను వదిలేసి ఆకారాన్ని పట్టుకున్నాయి. 1970ల మధ్యలో ఇంగ్లండులో జాన్ బర్చ్ చేసిన గిటార్ చూడటానికి రెడ్ స్పెషల్‌లాగే ఉండేది. దాని చెక్క మేపుల్, పికప్‌లు బర్చ్ సొంతవి. వీడియోల్లో కనిపించడానికి, వేదిక మీద అదనంగా ఉంచుకోవడానికి అది సరిపోయింది. కానీ అసలు స్థానాన్ని తీసుకోలేకపోయింది, చివరికి 1982 అమెరికా పర్యటనలో వేదిక మీదే విరిగిపోయింది. 1984లో అమెరికన్ కంపెనీ గిల్డ్ తెచ్చిన మోడల్‌లో పికప్‌లు, ట్రెమలో రెండూ వేరే కంపెనీల నుంచి తెప్పించినవి. ఆ వాద్యాన్ని ప్రత్యేకంగా నిలిపినవి ఆ రెండే అయినప్పుడు, వాటిని మార్చాక మిగిలేది ఎర్రటి ఆకారమే. 1993లో అదే కంపెనీ మరింత దగ్గరగా వచ్చింది. ఈ వరుసలో ఒక్కో ప్రయత్నం ఎక్కడ తప్పిందో చూస్తే, అసలులో ఏది ముఖ్యమో తేలుతుంది. ఖరీదైన చెక్క, కర్మాగారం నునుపు, పేరున్న విడిభాగాలు వాద్యాన్ని మెరుగుపరచలేదు, వేరే వాద్యంగా మార్చాయి.

ఇక్కడికి ఆస్ట్రేలియా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఆ దేశపు గిటార్ల కథ కొంత తెలియాలి. 1946లో మెల్‌బోర్న్‌లో బిల్ మే మాటన్ కంపెనీ మొదలుపెట్టారు. 1952 నుంచి 1960 దాకా అక్కడి ప్రభుత్వం దిగుమతులకు లైసెన్సులు పెట్టడంతో అమెరికన్ గిటార్లు దొరకడం గగనమైంది. స్థానిక తయారీదార్లు అమెరికన్ వాద్యాలను చూసి, తమ నేల చెక్కతో, తమకు దొరికే సామానుతో ఎలక్ట్రిక్ గిటార్లు చేశారు. అలా ఎదిగిన పనితనం ఎంత దూరం వెళ్లిందో 1963 వేసవిలో తెలిసింది. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ తన గ్రెచ్ గిటార్ మరమ్మతులో ఉండగా మాంచెస్టర్ దుకాణం నుంచి మాటన్ మాస్టర్‌సౌండ్ గిటార్ ఎరువు తెచ్చుకుని కచేరీల్లో వాయించారు. 2015 వేలంలో దాని ధర 4,85,000 డాలర్లు పలికింది. కొనలేని వస్తువును చూసి, అర్థం చేసుకుని, తిరిగి చేసుకోవడం ఆ దేశంలో ఒక చదువులా నడిచింది. ఫెల్తం ఇంట్లో తండ్రీకొడుకులను కదిలించిన అవసరమే సముద్రాల అవతల ఒక పరిశ్రమనూ కదిలించింది.

ఫ్రయర్ 1996, 97 సంవత్సరాల్లో చేసిన పనిలో కొత్తదనం, ఆయన అసలు గిటార్ దగ్గరికి వెళ్లి మొదలుపెట్టడమే. మే అనుమతితో దాన్ని దగ్గరగా పరిశీలించి, కొలతలు తీసుకుని, మూడు గిటార్లు చేశారు. వాటికి జాన్, పాల్, జార్జ్ బర్న్స్ అని చమత్కారంగా పేర్లు పెట్టారు. 'జాన్' తర్వాతి ఏళ్లలో మే కచేరీలకు వెంట వెళ్లే గిటారైంది. ఒకటి చాలదా, మూడెందుకు అనిపించవచ్చు. ఒక్క నకలే ఉండి దాని స్వరం అసలుకు తేడాగా వస్తే, ఆ తేడా చెక్కదా, పికప్‌దా, అతుకుదా చెప్పలేం. మూడు ఉంటే ఒకదాన్ని ఇంకోదానితో, అన్నింటినీ అసలుతో పోల్చి కారణాన్ని వెతకవచ్చు. అలా పోలుస్తూ వెళ్లినవాడికి వాద్యం మీద యజమానికి కూడా ఉండని రకం జ్ఞానం వస్తుంది. బ్రయాన్‌కు తన గిటార్ ఎలా పలుకుతుందో తెలుసు, ముప్పయ్యేళ్ల కిందట ఏం చేశామో గుర్తుంది. ఏ భాగం ఎంత మందం ఉంటే ఆ పలుకు నిలుస్తుందో మళ్లీ చేసిచూసినవాడికే అనుభవంగా తెలుస్తుంది. 1998లో అరిగిన భాగాలను బాగుచేసే పని ఫ్రయర్‌కు దక్కడంలో ఆశ్చర్యం లేదు. ప్రపంచంలో ఒక్కటే ఉన్న వస్తువు మీద చెయ్యి వేసి తప్పు చేస్తే దిద్దుకునే దారి ఉండదు. ఆ తప్పులు చేసి, దిద్దుకునే చోటు నకలే.

దీనికి మొదటి అభ్యంతరం సంగీతజ్ఞుల నుంచే వస్తుంది. నాదం వాద్యంలో లేదు, వేళ్లలో ఉంది, బ్రయాన్ మే ఏ గిటార్ పట్టుకున్నా బ్రయాన్ మేలాగే వినిపిస్తారు అంటారు. ఇందులో నిజం ఉంది. అయితే వేళ్లు గాలిలో తయారు కావు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతి తీసుకోండి. జంట తీగల పాశ్చాత్య మాండలిన్ మీద కర్ణాటక సంగీతపు గమకం పలకడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తన వాద్యంగా చేసుకున్నారు. చేతి అవసరం వాద్యాన్ని మార్చింది, మారిన వాద్యం ఆ చేతికి కొత్త దారులు తెరిచింది. మే విషయంలోనూ అంతే. 24 అంగుళాల తీగ, లావైన మెడ, రాపిడి లేని ట్రెమలో పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసు నుంచి ఆ వేళ్లకు శిక్షణ ఇచ్చాయి. వేళ్లే అంతా అని ఒప్పుకున్నా, ఆ వేళ్లు ఏ కొలతల మీద పెరిగాయో తెలుసుకోవడానికి మళ్లీ నకలు దగ్గరికే రావాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. మనం వినేది గిటార్‌ను ఒక్కదాన్నే కాదు, తీగ నుంచి స్పీకరు దాకా ఉన్న గొలుసు మొత్తాన్ని. మే గిటార్ వెనక ట్రెబుల్ బూస్టర్, వాక్స్ ఏసీ30 యాంప్లిఫయర్ ఉన్నాయి. రికార్డింగుల్లో 'డీకీ' అనే చిన్న యాంప్ కూడా ఉంది. 1970ల మొదట్లో క్వీన్ బాస్ గిటారిస్టు జాన్ డీకన్ చెత్తలో దొరికిన ట్రాన్సిస్టర్ సర్క్యూట్ బోర్డును పాత స్పీకరు పెట్టెలో బిగించి చేసినది అది. ఆస్ట్రేలియా నుంచే ఇంకో రుజువు ఉంది. ఏసీ/డీసీ గిటారిస్టు ఆంగస్ యంగ్ వాడిన గిబ్సన్ ఎస్‌జీని, మార్షల్ యాంప్‌ను తెచ్చి కలిపినా 1980 నాటి 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బం స్వరం పూర్తిగా రాదు. వేదిక మీద కేబుళ్ల బెడద లేకుండా తిరగడానికి ఆయన తీసుకుని, రికార్డింగులోనూ వాడిన షాఫర్-వేగా వైర్‌లెస్ పరికరం స్వరాన్ని నొక్కి, పెంచి పంపేది. దాన్ని తిరిగి తయారుచేశాకే గొలుసులో దాని వాటా ఎంతో అందరికీ తెలిసింది. అంటే ఈ అభ్యంతరం నకలు పనిని కొట్టేయదు, దాని పరిధిని పెంచుతుంది. ఫ్రయర్ చేసిందీ అదే. గిటార్ దగ్గర ఆగకుండా ట్రెబుల్ బూస్టర్లు చేశారు, 1998 నుంచి డీకీ యాంప్ గుట్టు విప్పే పనిలోకి దిగారు. ఇంగ్లండులో నైజెల్ నైట్‌తో కలిసి సాగిన ఆ పని నకలు యాంప్‌గా బయటికి రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. ఎవరో పారేసిన బోర్డు, వాడుకలోంచి పోయిన జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఒక పాత స్పీకరు కలిసి ఎందుకలా పలుకుతాయో తేల్చడానికి, కొత్తగా ఒక యాంప్‌ను డిజైన్ చేయడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

మూడో అభ్యంతరం నైతికమైనది. ఆ కుర్రాడు ఎవరినీ అనుకరించకుండా తన గిటార్ తాను చేసుకున్నాడు, అతని పట్ల నిజమైన గౌరవం మన గిటార్ మనం చేసుకోవడమే కదా, అతని గుండీలను, పురుగు రంధ్రాలను కూడా అచ్చు దించడం ఆ స్ఫూర్తికి ద్రోహం కాదా అని అడగవచ్చు. రంధ్రాలను అచ్చు దించి ఎక్కువ ధరకు అమ్మే పని గురించైతే ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ పనితనం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరేది అనుకరణ ద్వారానే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనస దుంగ నుంచి తొలిచే వీణ, ముందు తరం చేసిన వీణను చూసి చేసేదే. మైనంలో మెట్లు నిలబెట్టే చెవి కూడా అలా వచ్చిందే. ఎవరూ దాన్ని సృజన లేని పని అనరు. ఫెల్తంలో చౌకచెక్క వాడటం గతిలేక చేసిన పని, లోపల బోలు వదలడం ఆలోచించి చేసిన పని. రెంటికీ తేడా తెలియకుండా 'నా గిటార్ నేను చేస్తాను' అని బయలుదేరినవాడు అవే తప్పులు మళ్లీ చేస్తాడు. తేడా తెలిసినవాడు ఎక్కడ విభేదించాలో ఎంచుకోగలడు.

కాబట్టి నకలును తూచాల్సిన తూకం చెవిని మోసగించగలదా అన్నది కాదు. దాన్ని చేసినవారు చేయకముందు తెలియనిది ఏం తెలుసుకున్నారు, ఆ తెలివితో అసలుకు ఏం చేయగలరు అన్నదే. ఆ తూకంలో బర్చ్ గిటార్ తేలిపోతుంది, ఫ్రయర్ గిటార్లు నిలుస్తాయి. ఇందులో కాలానికీ పాత్ర ఉంది. ఫ్రయర్ కొలతలు తీసిన రోజుల్లో ఆ గిటార్‌ను చేసినవాడు, వాయించినవాడు ఒకే మనిషి, ఆ మనిషి ఎదుటే ఉన్నాడు. ఇది సరిగ్గా పలుకుతోంది, అది పలకడం లేదు అని చెప్పగల చెవి అందుబాటులో ఉంది. వాయించే చెయ్యి పోయాక తీసిన నకలు కొలతలతో సరిపోలవచ్చు, నాదంతో సరిపోలిందో లేదో చెప్పేవారుండరు. గొప్ప విద్వాంసుల వాద్యాలను అద్దాల పెట్టెల్లో పెట్టి గౌరవించే ముందు, వారు వాయిస్తున్న రోజుల్లోనే ఒక పనివాడిని పిలిచి, విప్పి చూడనిచ్చి, మళ్లీ చేయించడం వాటిని కాపాడే పద్ధతుల్లో అన్నింటికంటే నమ్మదగినది.