కవర్ సాంగ్

కవరంటే మనకు కిరాణా కొట్లో ఇచ్చే సంచీ, లేదంటే ఉత్తరం పెట్టేది. మరి పాటకు కవరేమిటి? ఇది అమెరికా రికార్డు వ్యాపారంలో 1940ల నాటి మాట. ఒక కంపెనీ పాట బాగా అమ్ముడవుతుంటే పోటీ కంపెనీ అదే పాటను తన గాయకులతో పాడించి హడావిడిగా బజార్లోకి వదిలేది. గిరాకీలో వాటా కొట్టేసే ఎత్తు, అంతే.

అందుకే కవరంటే మొదట్లో చులకన. ఆ చులకన పోగొట్టినవాళ్లలో నా ఓటు అమెరికా గాయని అరీతా ఫ్రాంక్లిన్‌కే. ‘రెస్పెక్ట్’ను ఓటిస్ రెడింగ్ 1965లో రాసి పాడాడు. ఇంటికొచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట అది. 1967లో అరీతా అదే మర్యాద ఆడగొంతుతో అడిగింది. ‘రెస్పెక్ట్’ అన్న మాటను అక్షరం అక్షరం విడగొట్టి పలకడం ఆవిడ చేర్చిందే. వెనక వంత పాడింది సొంత అక్కాచెల్లెళ్లు. ఇప్పుడైతే ఒకరి పాటను ఇంకెవరు మళ్లీ పాడినా కవరే. మన కుర్రాళ్లు గిటారు పట్టుకుని ఇళయరాజా పాట పాడినా కవర్ సాంగే!